కొత్త ఊళ్లో గజం నేల



ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఏదో ఒక మెట్రో స్టేషన్ కింద తెల్ల కారు ఒకటి ఆగి ఉంటుంది. విజయనగరం నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు, అతని భార్య, పండక్కి వచ్చిన మామగారు అందులో ఎక్కుతారు. ఏసీ చల్లగా ఉంటుంది. డ్రైవర్ పక్క సీట్లోని ఏజెంటు మాట తియ్యగా ఉంటుంది. గంటన్నర ప్రయాణం తరువాత ఒక ఆర్చి, రెండు వరుసల జెండాలు, షామియానా కనబడతాయి. బల్ల మీద లేఔట్ పటం పరిచి ఉంటుంది. అమ్ముడుపోయిన ప్లాట్ల మీద ఎర్ర స్టిక్కర్లు. ‘ఈస్ట్ ఫేసింగ్ మూడే మిగిలాయి సార్, ఈ రోజు బుక్ చేస్తే గజానికి వెయ్యి తగ్గిస్తాం’ అంటారు. బిర్యానీ తిని, మామగారు వాస్తు చూసి, సాయంత్రానికి కుర్రాడు టోకెన్ అడ్వాన్సు రసీదుతో ఇల్లు చేరతాడు.

ఆ ఊరి పేరు అతను మొదటిసారి విన్నది ఆ రోజే.

ఇదే కుర్రాడు సొంత ఊళ్లో ముప్పై సెంట్లు కొనాలంటే ఇలా కొంటాడా? అమ్మేవాళ్లు ఎందరు అన్నదమ్ములు, ఆడపడుచుల సంతకాలు పడతాయా, బోరులో నీళ్లున్నాయా, బండి వెళ్లే బాట ఎవరి గట్టు మీది నుంచి, వానలకు ఏ మూల మునుగుతుంది, పదేళ్ల కింద ఆ పొలం మీద జరిగిన తగాదా ఏమైంది, ఇవన్నీ అతని నాన్నకు నోటికి వచ్చు. అడగాల్సిన పని కూడా లేదు. రచ్చబండ దగ్గర కూర్చుంటే చెవిన పడతాయి. కొత్త ఊళ్లో ఆ చెవి ఉండదు. అందుకే అతను అడిగే ప్రశ్న ఒక్కటే: గజం ఎంత? తెలియని చోట పెట్టుబడి మొదలుపెట్టేవాళ్లు చివర అడగాల్సింది మొదట అడగడం దగ్గరే చాలా తప్పులు పుడుతున్నాయి.

రెండు రాష్ట్రాల్లో మాట్లాడేది తెలుగే కదా, అంత కొత్తేముంది అనిపించవచ్చు. భూమి దగ్గరికి వచ్చేసరికి ఆ ధీమా పనికిరాదు. కొలతే చూడండి. కోస్తా రైతు సెంట్లలో మాట్లాడతాడు. నూరు సెంట్లు ఎకరం, సెంటుకు 48.4 చదరపు గజాలు. తెలంగాణలో లెక్క గుంటల్లో ఉంటుంది. నలభై గుంటలు ఎకరం, గుంటకు 121 గజాలు. నెల్లూరు వెళితే ఇంటి స్థలం అంకణాల్లో చెబుతారు, అక్కడ అంకణం 8 చదరపు గజాలు. తిరుపతి వైపు కూడా అంకణమే అంటారు కానీ కొలత వేరు. చెన్నైలో ఇల్లు కట్టుకోబోయే తెలుగువాడికి ‘గ్రౌండ్’ అనే మాట ఎదురవుతుంది, అది 2,400 చదరపు అడుగులు. ధర విని ఆహా చవక అనుకునే ముందు అది దేని ధరో గజాల్లోకి మార్చి చూసుకోవాలి.

కొలత పది నిమిషాల్లో వస్తుంది. కాగితాల భాష అలా రాదు. తెలంగాణ భూ రికార్డులు నిజాం జమానాలో పెరిగాయి, కోస్తా, రాయలసీమ రికార్డులు మద్రాసు ప్రెసిడెన్సీలో పెరిగాయి. అందుకే ఇక్కడ పహాణీ అంటే అక్కడ అడంగల్. ఇక్కడ సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూడాలంటారు, అక్కడ రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ తీయమంటారు. పేదలకు సర్కారు ఇచ్చిన భూమిని తెలంగాణ పల్లెల్లో లావుణి పట్టా అంటారు, రాయలసీమలో డీకేటీ పట్టా అంటారు. పేరు ఏదైనా 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద అలాంటి భూమి అమ్మకం చెల్లదు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అసైన్ చేసి ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2023లో సడలింపు ఇచ్చారు. తరువాతి ఏడాది ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆగి, విచారణ మొదలైంది. సడలింపు వచ్చిందని పరుగెత్తి కొన్నవాడికి పక్క ఊరి పెద్దమనిషి ఒకడు తెలిసి ఉంటే, ‘కొన్నాళ్లు ఆగవయ్యా’ అని ఉండేవాడు.

బయటివాడిని బోల్తా కొట్టించే మాటలు రెండు పక్కలా ఉన్నాయి. విజయవాడ మనిషి రంగారెడ్డి జిల్లాలో భూమి చూసినప్పుడు ‘38-ఇ’ అన్న మాట వినపడితే అదేదో ఫారం నంబరు అనుకుంటాడు. అది 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టంలోని సెక్షన్. రక్షిత కౌలుదారుకు దున్నిన భూమి మీద యాజమాన్య హక్కు ఇచ్చిన సెక్షన్ అది. పట్టాదారు మనవడు అమ్ముతుంటాడు. కౌలుదారు మనవడు కోర్టులో ఉంటాడు. మధ్యలో ప్లాటు కొన్నవాడు ఇద్దరికీ కొత్తవాడే. అదే కరీంనగర్ మనిషి గోదావరి జిల్లాలకో రాయలసీమకో వెళితే ‘చుక్కల భూమి’ ఎదురుకావచ్చు. బ్రిటిష్ కాలంలో భూములు కొలిచి రాసినప్పుడు హక్కుదారు ఎవరో తేలని చోట ఆ గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కలు తీర్చడానికి 2017లో ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. నూరేళ్ల కింద ఒక గుమాస్తా పెట్టిన చుక్క ఈనాడు ఒక కుటుంబం పొదుపును ఆపగలదు!

వీటికి తోడు దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు, భూదాన భూములు, చెరువు శిఖం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబా భావేకు నూరెకరాలు ఇవ్వడంతో మొదలైన భూదానం తెలంగాణ గ్రామాల్లో ఎన్నో సర్వే నంబర్ల మీద ముద్ర వేసి వెళ్లింది. ఈ రకాల భూములన్నీ అమ్మకానికి నిషిద్ధం. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ కింద ఇలాంటి సర్వే నంబర్ల జాబితా ఉంటుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరి డాక్యుమెంట్ రైటర్‌ను అడిగినా చెబుతాడు, ఆన్‌లైన్‌లోనూ వెతకవచ్చు. ఏజెంటు చూపించిన పుస్తకంలో మాత్రం అది ఉండదు.

చాలామంది నమ్మకం ఏమిటంటే, రిజిస్ట్రేషన్ అయింది కాబట్టి భూమి మనదే. అది నిజం కాదు. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజును నమోదు చేస్తాడు, అమ్మినవాడికి హక్కు ఉందని హామీ ఇవ్వడు. ఆ హక్కు లింకు డాక్యుమెంట్లలో వెతుక్కోవాలి. 1983 నుంచి జరిగిన లావాదేవీల పత్రం, అదే ఈసీ, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. లాయరు ఫీజు దగ్గర బేరమాడేవాళ్లు ప్లాటు ధర దగ్గర ఆడరు, ఇదో చిత్రం.

ఇక నీళ్లు. హైదరాబాద్ చుట్టూ ప్లాటు చూడాలంటే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, వాన వెలిసిన మర్నాడు వెళ్లాలి. ఏప్రిల్‌లో అన్ని వెంచర్లూ అందంగానే ఉంటాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్‌లో ఏ కాలనీలు చెరువు దారిలో ఉన్నాయో నీళ్లే వెళ్లి చూపించాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు బుడమేరు సంగతి తెలుసు. కొత్తగా వచ్చి కొన్నవాళ్లకు ఆ వారంలో తెలిసింది. చెరువు నిండితే నీరు నిలిచే మేరను ఎఫ్‌టీఎల్ అంటారు. ఆ గీత దాటాక కూడా, పది హెక్టార్లు మించిన చెరువైతే ముప్పై మీటర్లు, అంతకన్నా చిన్నదైతే తొమ్మిది మీటర్లు బఫర్‌గా వదలాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలను కూల్చే హైడ్రా సంస్థ వచ్చిన తరువాత ఈ మాటలు టీ కొట్ల దగ్గర కూడా వినిపిస్తున్నాయి. ఆ కూల్చివేతల మీద ఎవరి అభిప్రాయం వారిది, కానీ ఇల్లు కొనేవాడికి ఎఫ్‌టీఎల్ పటం చూడాలనే బుద్ధి పుట్టించింది అవే.

పటం కన్నా ముందు ఒక పని ఉంది. ఏజెంటు లేకుండా బస్సెక్కి వెళ్లడం. వెంచర్ పక్క పొలంలో గొర్రెలు కాసే పెద్దాయన దగ్గర కాసేపు నిలబడి ‘ఇక్కడ ముందేముండేది తాతా?’ అని అడగడం. ‘కుంట ఉండె బిడ్డా, మట్టి పోసిండ్రు’ అని అతను ఒక్క ముక్కలో చెప్పే సంగతి ఏ బ్రోచర్‌లోనూ అచ్చు కాదు.

లేఔట్ అనుమతుల కథ కొంచెం పెద్దది. పంచాయతీ లేఔట్ అన్న మాట ఈ రంగంలో ఎందరినో ముంచింది. గ్రామ పంచాయతీ ముద్ర వేసిన పటం చూపి ప్లాట్లు అమ్మారు, కొన్నారు, రిజిస్ట్రేషన్లూ అయ్యాయి. ఇల్లు కట్టబోతే అనుమతి రాలేదు. 2020లో తెలంగాణ ప్రభుత్వం లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం, అదే ఎల్‌ఆర్‌ఎస్, ప్రకటిస్తే 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే అన్ని లక్షల సార్లు ఎవరో ఒకరు అనుమతి లేని చోట డబ్బు పెట్టారన్నమాట. అందులో చాలా దరఖాస్తులు ఏళ్ల తరబడి కదల్లేదు. 2025లో రుసుములో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్లీ కదిలించాల్సి వచ్చింది. ‘ఎల్‌ఆర్‌ఎస్ కట్టేశాం సార్’ అని ఏజెంటు అంటే, కట్టింది వెయ్యి రూపాయల దరఖాస్తు రుసుమా, పూర్తి రుసుమా, చేతికి ఉత్తర్వు వచ్చిందా అని మూడు విడి ప్రశ్నలు అడగాలి.

హెచ్‌ఎండీఏ, డీటీసీపీ వంటి పట్టణ ప్రణాళిక సంస్థల అనుమతి ఉన్న వెంచర్‌లోనూ ఒక మెలిక ఉంది. రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు పూర్తి చేస్తానన్న హామీగా డెవలపర్ కొన్ని ప్లాట్లను ఆ సంస్థకు తనఖా పెడతాడు. పని పూర్తయి, తుది లేఔట్ చేతికి వచ్చాకే వాటికి విముక్తి. తక్కువ ధరకు దొరికిందని ఊరు తెలియనివాడు సంబరపడే ప్లాటు ఒక్కోసారి ఆ తనఖాలోదే అయి ఉంటుంది. తాత్కాలిక అనుమతి పత్రంలో తనఖా ప్లాట్ల నంబర్లు వరసగా రాసే ఉంటాయి. చూసేవాళ్లు తక్కువ.

స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం 2016లో వచ్చింది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు మించిన స్థలమైనా, ఎనిమిది మించి ఫ్లాట్లు ఉన్నా నమోదు తప్పనిసరి. నమోదు కాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్ చేసిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదార్లు కట్టిన దాంట్లో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. ఇంత స్పష్టంగా ఉన్న చట్టం పక్కనుంచే ‘ప్రీలాంచ్’ నడిచిపోతోంది. మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాట్ అంటారు. చేతిలో పెట్టేది అవిభాజ్య వాటా కాగితం. అనుమతి రావచ్చు, రాకపోవచ్చు, డబ్బు మాత్రం వెళ్లిపోయింది. సగం ధరకు ఎందుకు ఇస్తున్నాడంటే బ్యాంకు అతనికి అప్పు ఇవ్వలేదు కాబట్టి. బ్యాంకు భయపడిన చోట ప్రైవేటు ఉద్యోగి ధైర్యం చేస్తున్నాడు.

ఇప్పుడు ధర దగ్గరికి రావచ్చు. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ వేసిన వేలంలో ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ మర్నాటి నుంచి అరవై కిలోమీటర్ల దూరంలోని వెంచర్లలో కూడా ఆ అంకె వినిపించింది. బోడిగుండుకీ మోకాలికీ ముడి. కోకాపేటలో కొన్నది నలభై, యాభై అంతస్తులు లేపగల నేలను. హైదరాబాద్‌లో కట్టడాల విస్తీర్ణం మీద సూచీ (ఎఫ్‌ఎస్‌ఐ) పరిమితి లేకపోవడం వల్ల ఆ ధర వచ్చింది. రెండంతస్తుల ఇల్లు కట్టుకునే ప్లాటుకు దానితో చుట్టరికం లేదు.

నిజమైన ధర తెలుసుకోవడానికి రెండు చిట్కాలు స్థానికుల దగ్గర వాడుకలో ఉన్నాయి. మొదటిది, అదే వెంచర్‌లో పక్క ప్లాట్ల ఈసీలు తీయడం. అందులో ప్రభుత్వ విలువ, దస్తావేజులో రాసిన అమ్మకపు విలువ రెండూ కనబడతాయి. తగ్గించి రాసే అలవాటు ఉన్నా, ఎప్పుడు ఎన్నిసార్లు చేతులు మారిందో, అసలు ఎవరైనా తిరిగి అమ్ముకోగలిగారో లేదో తెలుస్తుంది. రెండోది ఇంకా తమాషాగా ఉంటుంది. అక్కడి ఇద్దరు ముగ్గురు ఏజెంట్లకు ఫోన్ చేసి, ‘నా దగ్గర ఆ వెంచర్‌లో రెండు వందల గజాలుంది, అమ్మిపెడతారా?’ అని అడగాలి. కొనేవాడికి ఇరవై రెండు వేలు చెప్పిన గొంతే అమ్మేవాడికి ‘ఇప్పుడు మార్కెట్ డల్‌గా ఉంది సార్, పద్నాలుగు వస్తే గొప్ప’ అంటుంది. అసలు ధర ఆ రెంటి మధ్య ఎక్కడో ఉంది.

కాస్త లెక్క వేద్దాం. రెండు వందల గజాలు, గజం ఇరవై వేలు, మొత్తం నలభై లక్షలు. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే మూడు లక్షలు. నలభై మూడు లక్షలకు ఎనిమిదిన్నర శాతం వడ్డీ వేసుకుంటే ఐదేళ్లకు అరవై నాలుగున్నర లక్షలు దాటుతుంది. గజం 32,300 పైన పలికితే పెట్టింది చేతికి వస్తుంది, అంతే. అమ్మకం మీద పన్ను, ఏజెంటు కమీషన్ అందులో లేవు. ‘ఐదేళ్లలో ఒకటిన్నర రెట్లయింది’ అని గొప్పగా చెప్పుకునే అమ్మకాల్లో ఎన్నో నిజానికి బొటాబొటివి కూడా కావు.

అన్ని లెక్కలూ సరిగ్గా ఉన్నా, ఒకే కారణం మీద నిలబడిన మార్కెట్ ఎంత ఊగుతుందో చెప్పడానికి అమరావతిని మించిన ఉదాహరణ తెలుగు నేల మీద లేదు. 29 గ్రామాల రైతులు సుమారు 33 వేల ఎకరాలు భూసమీకరణకు ఇచ్చారు. బదులుగా మెట్ట ఎకరానికి వెయ్యి గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు. జరీబు అయితే వాణిజ్యం 450. ప్లాట్లు లాటరీలో పంచారు. 2015 అక్టోబరు 22న రాజధానికి శంకుస్థాపన జరిగింది. హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నుంచి వచ్చినవాళ్లు ఆ రిటర్నబుల్ ప్లాట్లు కొన్నారు. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చింది. ఒక్క ప్రసంగంతో కొనేవాడు మాయమయ్యాడు. 2022 మార్చి 3న అమరావతికి అనుకూలంగా హైకోర్టు తీర్పు వచ్చినా నేల మీద పని కదల్లేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులు తిరిగి మొదలయ్యాయి. ఈ మధ్య కాలంలో స్థానిక రైతు అదే మట్టి మీద ఉన్నాడు, పోరాడాడు, వేచి చూశాడు. అప్పు చేసి కొన్న బయటివాడు కిస్తీలు కడుతూ, సగంలో ఆగిన రోడ్ల ఫొటోలు ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాడు. తట్టుకోలేనివాళ్లు అయినకాడికి అమ్ముకున్నారు. వాళ్లు చేసిన తప్పు అమరావతిని నమ్మడం కాదు, ఐదేళ్లు ఆగలేని డబ్బుతో నమ్మడం.

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. ప్రవాస భారతీయులు ఇళ్లు, ప్లాట్లు కొనవచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. గుంటల్లో రిజిస్టర్ చేసే ‘ఫామ్ ప్లాటు’ కాగితం మీద వ్యవసాయ భూమే. అధికారపత్రం (జీపీఏ) మీద అమ్మకం హక్కును బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. కొన్న తరువాత కూడా పని ఉంటుంది. హద్దు రాళ్లు ఉన్నాయా, పక్కవాడి గోడ లోపలికి జరిగిందా అని ఏడాదికోసారైనా ఎవరో ఒకరు వెళ్లి చూడాలి. పన్నెండేళ్లు పట్టించుకోకుండా వదిలేస్తే కబ్జాదారుకు చట్టంలోనే ఒక దారి ఉంది.

ఇంత తిరగలేనివాళ్లు ఆ ఊళ్లో మొదట ఏడాది అద్దెకు ఉండి చూడవచ్చు. నీళ్ల ట్యాంకర్ ఎన్నాళ్లకోసారి వస్తుందో, బస్సు ఏ వేళకు ఆగిపోతుందో అద్దెకున్నవాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అదీ కుదరకపోతే 2019 నుంచి మన స్టాక్ మార్కెట్లో అద్దె భవనాల్లో పెట్టుబడి పెట్టే రీట్ యూనిట్లు దొరుకుతున్నాయి. మాదాపూర్‌లోని ఆఫీసు భవనాల్లో అలా కొద్ది డబ్బుతోనే వాటా పెట్టుకోవచ్చు. మామగారికి వాస్తు చూసే అవకాశం మాత్రం ఉండదు.

రెండు రాష్ట్రాల రెరా వెబ్‌సైట్లలోనూ ప్రాజెక్టు వివరాలు ఎవరైనా చూసుకోవచ్చు. వచ్చే ఆదివారం తెల్ల కారు మీ వీధి చివరికి వస్తే, ఎక్కే ముందు మూడు అడగండి: వెంచర్ సర్వే నంబరు, రెరా నంబరు, లేఔట్ అనుమతి నంబరు. శనివారమే అడిగితే ఇంకా మంచిది, రాత్రికి వెతుక్కోవచ్చు. ‘సైట్ దగ్గర చెబుతాం సార్, ముందు ఎక్కండి’ అంటే, ఎక్కకండి.